వయసు గడిలో పదిహేడు

మంగళవారం ఉదయం పదకొండు గంటల యాభై నిమిషాలకు, ఏ సినిమా ఏ వయసువాళ్ళు చూడవచ్చో నిర్ణయించే కార్యాలయం రెండో అంతస్తులో, ఐదుగురు సభ్యుల కమిటీలో తల్లిదండ్రుల తరఫున కూర్చునే సభ్యురాలు తన కూతురు చనిపోయిందని చెప్పింది. చనిపోయి మూడేళ్ళ ఏడు నెలలైంది. పోయేనాటికి ఆ అమ్మాయి వయసు పద్నాలుగు. కార్యాలయం కాగితాల్లో ఆ రోజుకు పదిహేడు. నవంబరు ఎనిమిదికి పద్దెనిమిది నిండుతాయి.

కమిటీలో ఐదు కుర్చీలు. మొదటిది అధ్యక్షుడిది. ఆయన రిటైరైన జడ్జి. రెండోది పిల్లల డాక్టరుది. మూడోది ముప్ఫై ఏళ్ళు సినిమాలు కత్తిరించి మానేసిన ఎడిటరుది. నాలుగోది హైస్కూలు టీచరుది. ఐదో కుర్చీకి చదువుతోనూ ఉద్యోగంతోనూ పని లేదు. ఇంట్లో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లో పిల్లాడో ఉంటే చాలు. కార్యాలయంలో దాన్ని అమ్మ కుర్చీ అంటారు. అంతకుముందు ఒక నాన్న ఐదేళ్ళు అందులో కూర్చున్నాడు. అప్పుడూ అమ్మ కుర్చీ అనే అన్నారు.

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. మంగళ, శుక్రవారాలు ఉదయం కమిటీకి వచ్చి, మధ్యాహ్నం దుకాణానికి వెళుతుంది. చేరినప్పుడు కూతురికి పదకొండేళ్ళు.

థియేటర్లో పంతొమ్మిది సీట్లు. సభ్యులు మొదటి వరసలో కూర్చుంటారు. ఒక్కొక్కరి ముందు చిన్న దీపం, చీటీల పుస్తకం. సినిమా నడుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. ఎక్కడ ఒళ్ళు బిగుసుకుందో ఆ నిమిషం, ఆ సెకను రాసుకోవాలి. వెనక గుమాస్తా స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటాడు. దెబ్బ ఎన్ని సెకన్లు, రక్తం ఎన్ని సెకన్లు, ఏడుపు ఎన్ని సెకన్లు అన్నది ఆయన లెక్క. ఆయన్ని అందరూ సెకన్ల బాబాయ్ అంటారు. సినిమా అయ్యాక ఒక్కొక్కరూ చీటీ మీద ఒక ముక్క రాసి, మడిచి, చెక్కపెట్టెలో వేస్తారు. అందరికీ, పన్నెండు, పదహారు, పద్దెనిమిది. ఈ నాలుగిట్లో ఒకటి. చీటీలు విప్పాక మాట్లాడుకుంటారు. చివరగా అధ్యక్షుడు ఐదో కుర్చీని ఒక ప్రశ్న అడుగుతాడు.

"ఈ సినిమాకి మీ పిల్లని తీసుకెళ్తారా?"

జవాబు, దాని కారణం మినిట్స్ పుస్తకంలో రాస్తారు. నిర్ణయం బయటికి ఇచ్చేటప్పుడు పేరు లేకుండా ఆ కారణాన్ని కూడా ప్రకటిస్తారు.

మరో నియమం ఉంది. సభ్యులు ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళకూడదు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు. ఏ కబురైనా గుమాస్తా ద్వారానే. నిర్మాతలు ఇళ్ళ మీద పడతారని పెట్టిన నియమం అది. ఏడేళ్ళు పక్కపక్కన కూర్చున్నా డాక్టరు ఇల్లు ఎక్కడో టీచరుకు తెలియదు.

కూతురికి పద్నాలుగు నిండిన నెలలో ఒక సినిమా వచ్చింది. నలుగురు స్నేహితులు ఇంట్లోంచి పారిపోయే కథ. గంటా పన్నెండో నిమిషంలో కత్తి దృశ్యం ఉంది. ఇరవై రెండు సెకన్లు. కూతురి తరగతిలో అందరూ ఆ సినిమా కోసం ఎదురుచూస్తున్నారు. ఇద్దరు పన్నెండు అన్నారు, ఇద్దరు పదహారు అన్నారు. ఐదో చీటీలో పదహారు అని ఉంది. ఆ రోజు మినిట్స్‌లో ఆమె జవాబు: "తీసుకెళ్లను. మా అమ్మాయి కత్తి చూస్తే వారం రోజులు నిద్రపోదు."

నాలుగు రోజుల తర్వాత కూతురు బడి నుంచి వచ్చి సంచీ కింద పడేసింది.

"అమ్మా, కత్తి చూస్తే వారం నిద్రపోనిది ఎవరు?"

"ఎవరే?"

"నేనే! నీ ఆఫీసువాళ్ళు ఊరంతా చాటింపు వేశారు. క్లాసులో అందరూ ఎవర్రా ఆ పిరికిది అని ఒకటే నవ్వు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా."

తల్లికి నవ్వాగలేదు. కూతురు నవ్వలేదు.

"నా పేరు చెప్పి నన్నే ఆపావు కదే అమ్మా. సరే. పదహారు రానీ. మొదటి ఆట నాది. టిక్కెట్టు నువ్వే కొనాలి."

"అలాగే తల్లీ. పాప్‌కార్న్ కూడా కొంటాను."

"పెద్దది."

మార్చిలో జ్వరం వచ్చింది. నాలుగో రోజు ఆసుపత్రిలో చేర్చారు. ఆరో రోజు ఉదయం ఆరుంబావుకు డాక్టర్లు చెప్పారు.

ఆమె ఇరవై రెండు రోజులు సెలవు పెట్టింది. సెలవు చీటీలో "కుటుంబ కారణాలు" అని ఉంది. తిరిగి వచ్చిన రోజు గుమాస్తా మెట్ల దగ్గర ఎదురొచ్చాడు. ఆయన చేతిలో చుట్టిన పోస్టరు ఉంది. నిర్మాతలు ఇచ్చిపోయే పోస్టర్లలో ఒకటి తీసి ఆ అమ్మాయి కోసం పక్కన పెట్టడం ఆయన అలవాటు.

"అమ్మాయి ఎలా ఉందమ్మా? దీని బొమ్మ బాగుంది, గోడకి పెట్టుకోమను."

ఆమె నోరు తెరిచింది. థియేటర్ గంట మోగింది. గంట మోగాక సభ్యులు మాట్లాడకూడదు. ఆమె పోస్టరు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఏటా జనవరిలో ఐదో కుర్చీ సభ్యులు ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. అందులో మూడో గడి పిల్ల వయసు. గుమాస్తా పాత ఫారం చూసి, వయసుకు ఒకటి కలిపి, టైపు చేసి, సంతకం దగ్గర పెన్సిలుతో టిక్కు పెట్టి ఇచ్చేవాడు. "ఏడాదికి ఎవరికైనా ఒక ఏడే కదండీ పెరుగుతుంది. అందులో అడగడానికేముంది అనుకున్నాను," అని ఆయన తర్వాత విచారణలో చెప్పాడు. కూతురు పోయిన తర్వాతి జనవరిలో ఆయన పదిహేను అని టైపు చేశాడు. ఆమె ఫారం చదివింది. చదవడానికి పట్టిన సమయం ఎక్కువే అని ఆయనకు గుర్తుంది. అక్షరాలు ఆనడం లేదేమో అనుకుని, "కళ్ళజోళ్ళ కొట్లో పనిచేస్తూ మీకే జోడు లేకపోతే ఎలాగమ్మా?" అన్నాడు. ఆమె సంతకం పెట్టింది.

తర్వాతి ఏడాది పదహారు. ఆ తర్వాత పదిహేడు.

ఈ మూడేళ్ళలోనూ అధ్యక్షుడు ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు. ఆమె చెబుతూనే ఉంది. మినిట్స్ పుస్తకాల్లో ఆ జవాబులు వరసగా ఉన్నాయి. పదిహేనో ఏట ఆ అమ్మాయి గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. పదహారో ఏట ఎవరికీ చెప్పకుండా జుట్టు కత్తిరించుకుంది. పదిహేడో ఏట స్కూటరు నేర్చుకుంటూ గేటుకు గుద్దింది.

"దెబ్బ తగిలిందా?" అని డాక్టరు అడిగాడు.

"గేటుకి తగిలింది," అంది ఆమె.

అందరూ నవ్వారు. జడ్జి, "మా మనవరాలు కారుతో గుద్దింది, నన్ను. మీరే నయం," అన్నాడు. టీచరు తన తరగతి పిల్లలకు ఆ అమ్మాయి మాటలు ఉదాహరణగా చెప్పేది. ఎవరూ ఆ అమ్మాయిని చూడలేదు. చూడకూడదన్నదీ నియమమే.

భర్త లిఫ్టు మెకానిక్కు. కిందటి ఏడాది బల్బు మార్చడానికి స్టూలు ఎక్కితే బీరువా మీద పోస్టర్లు కనిపించాయి. ముప్ఫైకి పైగా ఉన్నాయి. ఏదీ విప్పలేదు, రబ్బరు బ్యాండ్లు అలాగే ఉన్నాయి.

"ఇవి ఎవరికి?"

ఆమె చెప్పింది. ఆయన స్టూలు మీదే కూర్చుని విన్నాడు. మూడో రోజు అన్నం తింటూ అడిగాడు.

"జుట్టు ఎంతవరకు కత్తిరించుకుంది?"

"భుజాల దాకా."

"నేనైతే ఒప్పుకునేవాణ్ణి కాదు."

"అందుకే మీకు చెప్పలేదు."

ఆ తర్వాత మంగళ, శుక్రవారాలు రాత్రి భోజనం దగ్గర ఆయన అడిగేవాడు. "ఇవాళ ఏమందట?" ఆమె చెప్పేది. అలా ఏడాది గడిచింది.

కార్యాలయంలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ నియమావళిలోనూ రాసి లేదు. ఐదో కుర్చీవాళ్ళ పిల్లకు పద్దెనిమిది నిండిన రోజున ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు థియేటర్ ఆ కుటుంబానిది. ఇన్నేళ్ళూ ఏ పిల్ల పేరు చెప్పి సినిమాలు ఆపారో ఆ పిల్ల వచ్చి, కోరిన సినిమా, ఏ వయసుదైనా సరే, తల్లిదండ్రుల మధ్య కూర్చుని చూస్తుంది. కమిటీవాళ్ళు టీ ఇస్తారు. ఆ కుర్చీలో కూర్చున్న నాన్న తన కొడుకును తెచ్చినప్పుడు ఆ కుర్రాడు కార్టూను సినిమా అడిగాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

సినిమా పేరు పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. సెప్టెంబరు నుంచి గుమాస్తా అడుగుతున్నాడు. ఆమె మూడుసార్లు "అడిగి చెప్తాను బాబాయ్" అంది.

సోమవారం రాత్రి భర్త చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఎనిమిదో తారీఖున ఎవర్ని తీసుకెళ్తావు?"

ఆమె గిన్నెల మీద మూతలు పెట్టింది.

"జ్వరం అని చెప్పవు కదా?"

"జ్వరం అనే మాట నా నోట్లోంచి రాదండీ."

"మరి?"

"ఊరెళ్ళిందని చెప్తాను. చదువుకోడానికి."

"తర్వాత?"

"తర్వాత నన్ను అడిగేవాళ్ళు ఉండరు కదా. కుర్చీ పోతుంది."

ఆయన మంచినీళ్ళు తాగాడు.

"లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్ళతో మాట్లాడుతూ ఉండమంటారు మమ్మల్ని. భయపడకుండా. నేనూ అదే అనుకున్నాను, మాట్లాడితే మాట్లాడనీ అని. నేనూ మాట్లాడాను. కానీ ఎప్పుడో ఒకప్పుడు తలుపు తియ్యాలి కదా."

"తీస్తే ఏముంటుంది లోపల?"

ఆయన లేచాడు. పళ్ళేలు తీసి సింకులో పెట్టాడు.

మంగళవారం తొమ్మిదిన్నరకు గుమాస్తా మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఇవాళ ఇవ్వకపోతే సినిమా వేసే ఆపరేటరు నా తోలు తీస్తాడు. ఏమంది మహారాణి?"

"సినిమా అయ్యాక చెప్తాను."

ఆ రోజు సినిమా రెండు వీధుల మధ్య గొడవ గురించి. పదమూడేళ్ళ అమ్మాయి సైకిలుకు పంక్చరు వేయించుకోవడానికి వెళ్ళి మధ్యలో చిక్కుకుంటుంది. ఇటుక తగులుతుంది. ఆ దృశ్యం ముప్ఫై ఎనిమిది సెకన్లు. ఆ తర్వాత తల్లి పంక్చరు షాపుకు వచ్చి సైకిలు తీసుకుని నడిపించుకుంటూ ఇంటికి వెళుతుంది. అది నాలుగు నిమిషాలు. సినిమాతో పాటు దర్శకురాలి ఉత్తరం ఉంది. పన్నెండు ఇవ్వమని ఆమె అడిగింది. "నా సినిమాలో పిల్లకు పదమూడేళ్ళు. ఆ వయసు పిల్లలు చూడలేకపోతే నేను ఎవరి కోసం తీశాను?" అని రాసింది. దర్శకురాలు కింద వరండాలో కూర్చుని ఉంది.

పదకొండు ఇరవై ఆరుకు లైట్లు వేశారు. చీటీలు పెట్టెలో పడ్డాయి. జడ్జి విప్పాడు. పదహారు. పన్నెండు. పదహారు. పన్నెండు. ఐదో చీటీ విప్పి, తిప్పి చూశాడు. రెండు వైపులా ఏమీ లేదు.

"ఇది ఖాళీగా ఉందేమిటి?"

"ముందు వాళ్ళని మాట్లాడనివ్వండి సార్," అంది ఆమె.

డాక్టరు పదహారు రాశాడు. "ఇటుక ఎక్కడైనా దొరుకుతుంది. తుపాకీ చూపిస్తే పిల్లలకి అది సినిమా. ఇటుక చూపిస్తే అది వాళ్ళ వీధి."

ఎడిటరు పన్నెండు రాశాడు. "అయ్యా, సెకన్లు కాదు, కెమెరా ఎవరి పక్కన నిలబడిందో చూడండి. విసిరినవాడి పక్కన ఒక్క షాటు కూడా లేదు. నేను ముప్ఫై ఏళ్ళు కత్తెర పట్టాను. ఇందులో ఒక్క ఫ్రేము కూడా తియ్యను."

"మీ చేతిలో కత్తెర లేకపోబట్టి సరిపోయింది," అన్నాడు డాక్టరు.

టీచరు కూడా పన్నెండు. "మా పిల్లలు ఫోన్లో ఇంతకంటే ఘోరం చూసి ఇంటర్వెల్‌లో నాకే చూపిస్తున్నారు. కనీసం ఇందులో ఏడ్చేవాళ్ళున్నారు."

జడ్జి పదహారు. కారణం ఇటుక కాదన్నాడు. ఆ నాలుగు నిమిషాల సైకిలు అన్నాడు. "దెబ్బ మర్చిపోతారు. ఆ తల్లిని పన్నెండేళ్ళ పిల్ల మర్చిపోలేదు."

అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. జడ్జి ఐదో కుర్చీ వైపు తిరిగాడు. గుమాస్తా మినిట్స్ పుస్తకంలో "ప్రశ్న" అని రాసి పెన్ను పట్టుకున్నాడు.

"మీ అమ్మాయిని ఈ సినిమాకి తీసుకెళ్తారా?"

గోడ గడియారం పదకొండు యాభై.

"మా అమ్మాయి చనిపోయింది సార్," అంది ఆమె. "మూడేళ్ళ ఏడు నెలలైంది. పద్నాలుగేళ్ళకి పోయింది. జ్వరంతో."

గుమాస్తా రాయలేదు. డాక్టరు తన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మార్చిలో సెలవు పెట్టారు," అన్నాడు గుమాస్తా.

"అవును బాబాయ్."

"మెట్ల మీద నేను పోస్టరు ఇచ్చాను."

"ఇచ్చారు."

టీచరు అడిగింది. "మరి స్కూటరు?"

"నేను నేర్చుకున్నాను. గేటుకి గుద్దింది నేనే."

జడ్జి చేతులు బల్ల మీద పెట్టుకున్నాడు. "ఇది మినిట్స్‌లో రాయాలమ్మా. తప్పదు."

"ఒక్క నిమిషం ఆగండి సార్," అన్నాడు డాక్టరు.

"రాయనివ్వండి," అంది ఆమె. "మూడు ఫారాల మీద సంతకం పెట్టాను."

"వయసు వేసింది నేను కదమ్మా," అన్నాడు గుమాస్తా.

"మీరు వేశారు. నేను చదివాను. పదిహేను అని ఉంది. బాగుంది అనిపించింది. దానికి పదహారు రావాలి బాబాయ్. పదహారు వస్తే తీసుకెళ్తానని చెప్పాను. సినిమా ఆపింది నేనే."

ఏ సినిమా అని టీచరు అడిగింది. ఆమె చెప్పింది. ఎడిటరుకు ఆ చీటీలు గుర్తున్నాయి. ఆ రోజు ఆయన పన్నెండు రాశాడు.

"ఈ సినిమాకి మీ ఓటు ఇక చెల్లదు," అన్నాడు జడ్జి.

"తెలుసు సార్."

"చెల్లదని తెలిసే అడుగుతున్నాను. ఏం రాసేవారు?"

"పన్నెండు రాద్దామని పెన్ను తీశాను. రాస్తే తర్వాత మీరు తీసుకెళ్తారా అని అడుగుతారు. తీసుకెళ్తానని చెప్పాలి. తెల్లారితే దాన్ని తీసుకెళ్ళాలి. ఎలా తీసుకెళ్ళను?"

గుమాస్తా అప్పుడు రాయడం మొదలుపెట్టాడు. ఆ పేజీలో రెండు చోట్ల సిరా అలుక్కుపోయి ఉంది. సమావేశం పన్నెండు పదికి ముగిసింది. వరండాలో దర్శకురాలికి నిర్ణయం వాయిదా పడిందని గుమాస్తా చెప్పాడు. కారణం చెప్పలేదు. ఐదో కుర్చీ సభ్యురాలు మెట్లు దిగి వెళ్ళడం దర్శకురాలు చూసింది. ఎవరో ఆమెకు తెలియదు.

గురువారం ఐదో కుర్చీ ఖాళీ అయినట్టు ఉత్తర్వు వచ్చింది. మూడేళ్ళ ఏడు నెలల్లో ఆ చీటీ పడిన సినిమాలు నూట డెబ్బై ఆరు. వాటిలో ఒక్క ఓటు తేడాతో తేలినవి తొమ్మిది. ఆ తొమ్మిదింటినీ మళ్ళీ చూడాలని నిర్ణయించారు. సైకిలు సినిమాను తర్వాతి మంగళవారం మళ్ళీ వేశారు. ఐదో కుర్చీలో తాత్కాలికంగా ఒక తండ్రి కూర్చున్నాడు. అధ్యక్షుడు ప్రశ్న అడిగాడు. "మావాడికి తొమ్మిదేళ్ళే కదా సార్, ఎలా తీసుకెళ్తాను?" అన్నాడాయన. సినిమాకు పదహారు వచ్చింది, మూడుకు రెండు. దర్శకురాలు అప్పీలు చేయలేదు.

మూడు ఫారాల్లోనూ మూడో గడిలో అంకె కొట్టేసి గుమాస్తా చేత్తో పద్నాలుగు అని రాశాడు. పక్కన సంతకం, తేదీ ఉన్నాయి.

ఎనిమిదో తారీఖు ఆట సంగతి ఉత్తర్వులో లేదు. ఆనవాయితీ ఏ కాగితం మీదా లేదు కాబట్టి రద్దు చేయడానికి నియమమూ లేదని జడ్జి అన్నాడు. గుమాస్తా ఆమెకు ఫోన్ చేశాడు.

"అమ్మా, సినిమా పేరు ఇవ్వలేదు మీరు."

ఆమె చెప్పింది. నలుగురు స్నేహితుల సినిమా.

నవంబరు ఎనిమిది, శుక్రవారం, ఒంటిగంట యాభైకి భార్యాభర్తలు వచ్చారు. భర్త పనిదుస్తుల్లోనే ఉన్నాడు. ఆయన చేతిలో పాప్‌కార్న్ పొట్లం ఉంది, పెద్దది. థియేటర్లో తినుబండారాలు నిషేధం. గుమాస్తా తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు. రెండు గంటలకు ఆట మొదలైంది. కత్తి దృశ్యం మూడూ పన్నెండుకు వచ్చింది. ఆ ఇరవై రెండు సెకన్లలో ఇద్దరూ తల తిప్పుకోలేదని ఆపరేటరు చెప్పాడు. నాలుగూ పదకొండుకు లైట్లు వేశారు.

రిజిస్టర్లో ఆ రోజు కేటాయించిన సీట్లు మూడు. సంతకాలు రెండు.